మన పిల్లే కదా అని

"రెండు అంటే ఏంటక్కా?"

నా తోటికోడలు ఆ కాగితాన్ని నా టీ గ్లాసు పక్కన పరిచి, వేలు పెట్టి అడిగింది.

"రెండంటే తరచుగా అని," అన్నాను.

"తరచుగా అంటే?"

"అంటే... చాలాసార్లు."

"చాలాసార్లంటే ఎన్నిసార్లు?"

నేను గ్లాసు అందుకున్నాను. టీ ఎప్పుడో చల్లారిపోయింది. అయినా తాగాను. నోట్లో ఏదో ఒకటి ఉంటే జవాబు చెప్పక్కర్లేదు కదా.

స్కూలు నుంచి ఉత్తరం వచ్చి అప్పటికి వారం. వచ్చిన రోజు నా తోటికోడలు ఏడ్చి ఊరుకుంది. ఉత్తరం వెనక పిన్ను చేసిన రెండు పేజీలు తిప్పి చూడాలని ఆ రోజు దానికి తోచలేదు. ఇవాళ పొద్దున తోచింది. మా రెండో తరగతిలో ఆరుగురు పిల్లలకి ప్రత్యేక సహాయం అవసరమని సర్వేలో తేలిందట. వాళ్ళని వచ్చే నెల నుంచి మేడమీద వేరే గదిలో కూర్చోబెడతారట. తల్లో తండ్రో సంతకం చేసి శుక్రవారానికల్లా పంపాలట. ఇవాళ గురువారం.

ఆ ఆరుగురిలో నా తోటికోడలి కూతురు ఒకతి. ఏడేళ్ళు. నిద్రలో తప్ప నోరు మూతపడదు కాబట్టి ఇంటిల్లిపాదీ దాన్ని గిలక అంటాం. దాని క్లాసు టీచర్ని నేనే. ఆ వెనక పేజీల్లోని ఇరవై నాలుగు ప్రశ్నలకీ సున్నా నుంచి మూడు దాకా అంకెలు వేసిన మహాతల్లినీ నేనే.

"'మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తుంది. రెండు,'" అని చదివింది నా తోటికోడలు. "మొన్న ఆదివారం నా మిషను పక్కన కూర్చుని డబ్బాడు గుండీలు ఏరింది ఇది. రంగు ప్రకారం ఒకసారి, సైజు ప్రకారం ఇంకోసారి. రెండు గంటలు కదల్లేదు. నువ్వు చూశావు కదా? చూసి ఏమన్నావు?"

ఈ ఓపికలో పావు వంతు మా వాడికుంటే చాలు అన్నాను. ఆదివారం అన్న మాట అది.

నా తోటికోడలు ఇంట్లోనే కూర్చుని స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతుంది. వంద చొక్కాల్లో ఒక్క కుట్టు వంకరపోయినా దాని కంటికి ఇట్టే దొరుకుతుంది. ఆ కళ్ళతోనే ఇప్పుడు నా అంకెల్ని చూస్తోంది.

"'మాట్లాడేవాళ్ళకి అడ్డొస్తుంది. మూడు.' సరే, వాగుడికి మూడేశావు, నేను తగువు పెట్టను. ఇదేంటి? 'ఒకసారి చెబితే వినదు. రెండు.' అక్కా, ఈ ఇంట్లో ఒకసారి చెబితే వినేవాళ్ళెవరో చూపించు. బావగారిని అన్నానికి రమ్మని నువ్వు ఎన్ని కేకలేస్తావు?"

"వాడినెందుకే మధ్యలోకి లాగుతావు? డ్యూటీ మీద పోయి ఊళ్ళో కూడా లేడు పాపం," అంది అత్తయ్య వంటింట్లోంచి.

"నేను ఊరికే అనట్లేదు అత్తయ్యా. వింటారా వినరా అని అడిగితే పెద్దాళ్ళందరికీ మూడేయాలి. మేడ మీద గదికి మనమందరం పోవాలి."

మామూలు రోజైతే ఆ మాటకి ముగ్గురం నవ్వేవాళ్ళం.

"ప్రశ్నలు అలా ఉన్నాయమ్మా," అన్నాను. "వేరే దేశంలో ఎవరో తయారు చేశారు. అన్ని దేశాల పిల్లలకీ పనికొస్తాయో రావో చూస్తున్నారు. మేం అంకెలు వేసి ఇస్తాం, అంతే. మిగతాదంతా కంప్యూటర్ తేలుస్తుంది."

"కంప్యూటర్ మన గిలకని చూసిందా?"

ఆ సమయానికే మా సుపుత్రుడు వచ్చాడు. వాడూ అదే క్లాసు, గిలక కంటే రెండు నెలలు పెద్ద. ఒకచోట నిలవడు కాబట్టి వాడి పేరు తూనీగ. ఒక కాలికి మేజోడు ఉంది, రెండోదానికి లేదు. చొక్కా తిరగేసి తొడిగాడు. పాలు తాగమని నాలుగోసారి చెబుతుంటే గ్లాసు అందుకున్నాడు, సగం తాగాడు, కిటికీలో పిల్లి కనబడేసరికి గ్లాసు బల్ల అంచున పెట్టి పరిగెత్తాడు. గ్లాసు కింద పడింది.

నా తోటికోడలు కారుతున్న పాలని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"వీడికి ఎంత?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"వాడికి నేను వేయలేదు. టీచర్లు సొంత పిల్లలకి వేయకూడదని రూలు. డ్రాయింగ్ టీచరు వేసింది."

"ఎవరేశారని అడగలేదు. ఎంత అని అడిగాను."

"నాలుగు."

"మొత్తం కలిపా?"

"ఊఁ."

"దీనికి?"

దానికెంతో కాగితం అడుగునే రాసి ఉంది. నలభై మూడు. నలభై దాటినవాళ్ళకి మేడ మీద గది. అది తెలిసే అడిగింది. నేను నోటితో చెప్పాలని అడిగింది. నేను కింద పడ్డ పాల గ్లాసు ఎత్తి బల్ల మీద పెట్టాను.

అది కాగితాన్ని మడతపెట్టింది. కుట్టిన బట్ట మడత పెట్టినట్టు, అంచుకి అంచు కలిపి.

"సరేనండీ టీచర్ గారూ. మీరు చదువుకున్నవాళ్ళు. పిల్లల సంగతి మీకే బాగా తెలుస్తుంది."

తొమ్మిదేళ్ళ కిందట ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజునుంచి నన్ను అక్కా, నువ్వు అనే పిలిచింది. ఎన్నోసార్లు పోట్లాడుకున్నాం. పోట్లాటలో కూడా "పో అక్కా" అనేది. ఆ 'మీరు' విన్నాక నాకు తల కొట్టేసినట్టయింది.

గిలక గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలీదు. తిట్లు పడే చోట ముందుండి "ఏమైంది, ఏమైంది" అని గోల చేసే పిల్ల, సంచి భుజాన వేసుకుని చప్పుడు చేయకుండా బయటికి నడిచింది.

వంటింట్లోకి వెళ్ళగానే అత్తయ్య తలుపు దగ్గరికి వేసింది.

"ఇప్పుడు చెప్పు. ఎక్కువేశావా?"

"ప్రశ్నలు అలా..."

"ప్రశ్నల సంగతి దానికి చెప్పావుగా. నాకు నిజం చెప్పు."

ఆవిడ స్కూలు మెట్టు ఎక్కలేదు కానీ అబద్ధం వాసన గుమ్మంలోనే పట్టేస్తుంది.

"వేశాను," అన్నాను.

"ఎందుకే? ఆ పిల్ల నీకేం ద్రోహం చేసింది?"

ఏం చెప్పను? కిందటేడు స్కూల్లో కథలు చెప్పే పోటీ పెట్టారు. గిలక చెప్పిన కథకి పిల్లలు పడీపడీ నవ్వారు. నేను మొదటి బహుమతి ఇచ్చాను. మర్నాడు టీచర్ల గదిలో లెక్కల మాస్టారు టీ తాగుతూ "ఇంటి పిల్లకి ఇంటి మార్కులు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇంటిదాకా నా వెంటే వచ్చింది.

అప్పటినుంచి ప్రతి పరీక్షలో గిలకకి ఒక మార్కు కోసేదాన్ని. ఎవరూ అడగలేదు. మన పిల్లే కదా, ఒక మార్కు పోతే పోయిందిలే, నా మీద మాట రాకుండా ఉంటే చాలు అనుకున్నాను. అనుకోవడమేంటి, మురిసిపోయాను కూడా. నా అంత నిక్కచ్చి మనిషి ఇంకోరు లేరని పిల్ల మార్కు కోసిన ప్రతిసారీ నాకు నేనే భుజం తట్టుకున్నాను. నా నీతికి ఖరీదు ఆ పిల్ల కట్టిందన్నమాట.

సర్వే కాగితం వచ్చినప్పుడూ చేయి అలవాటుగా అదే పని చేసింది. మనసులో సున్నా అనుకుంటే ఒకటి వేశాను. ఒకటి అనుకుంటే రెండు. ఇరవై నాలుగింటిలో ఇరవై రెండు చోట్ల ఒక్కో అంకె ఎక్కించాను. మిగతా రెండూ వాగుడు గురించి. వాటికి ముందే మూళ్ళు పడ్డాయి, ఎక్కించడానికి చోటు లేక ఊరుకున్నాను. పరీక్షలో ఒక మార్కు తగ్గితే పోయేదేమీ లేదు. ఇక్కడ ఒక్కొక్కటీ కలిసి ఇరవై రెండవుతాయని, ఆ ఇరవై రెండూ పిల్లని మేడ ఎక్కిస్తాయని ఈ లెక్కల బుర్రకి తట్టలేదు.

ఆ రూలు రాసిన దొరలు సొంత పిల్లలకి వేయకూడదన్నారే గానీ, ఒకే వంటింట్లో పెరిగే మరిది పిల్లల మాట ఎత్తలేదు. వాళ్ళ ఊళ్ళో మరిది పిల్లలు వేరే ఇంట్లో ఉంటారు కాబోలు. తప్పు వాళ్ళ మీదకి తోసేయడానికి ఇదొక దారి. వారం నుంచి ఇలాంటి దారులు చాలా వెతికాను.

ఇదంతా అత్తయ్యకి ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఒక ముక్క మాత్రం మింగేశాను. డ్రాయింగ్ టీచరు మొహమాటానికి పోయి మా వాడికి వరసగా సున్నాలు పెట్టి ఇచ్చినప్పుడు నేను చూశాను. నా తూనీగకి నాలుగు! నాకే నవ్వొచ్చింది. "ఇది సరిగ్గా లేదు, మళ్ళీ వేయండి" అనాల్సింది. అనలేదు. కవర్లో పెట్టి అంటించాను. గిలక విషయంలో తెలివితక్కువతనం అనుకోవచ్చు. ఇది తెలివితక్కువతనం కాదు.

అత్తయ్య పొయ్యి కట్టేసి నా వైపు తిరిగింది.

"విను. ఇది నీ నోట్లోంచి బయటికి రానీకు. ప్రశ్నలు అలా ఉన్నాయన్నావు, ఆ మాట మీదే ఉండు. దాని కోపం పది రోజుల్లో చల్లారుతుంది. ఇది తెలిసిందంటే మాత్రం ఈ జన్మకి నీ మొహం చూడదు. రెండు పొయ్యిలవుతాయి. పిల్లదేముంది, ఒక ఏడాది మేడ మీద కూర్చుంటుంది, కిందకి దిగుతుంది."

"అది తప్పు కదా అత్తయ్యా."

"తప్పు వేసేటప్పుడు గుర్తురాలేదా?"



స్కూల్లో సర్వే అమ్మాయి నా కోసం కాచుకుని ఉంది. విశ్వవిద్యాలయం నుంచి వచ్చే పిల్ల, పాతికేళ్ళుంటాయి. పుస్తకాల భాషలో 'కార్యనిర్వహణ సామర్థ్యాలు' అంటుంది. అంటే ఏంటమ్మా అని మొదటిరోజు అడిగితే, ఆగాల్సిన చోట ఆగడం, చెప్పింది గుర్తుంచుకోవడం, ఒక పని మీదనుంచి ఇంకో పని మీదకి మనసు మళ్ళించుకోవడం అంది. మా స్టాఫులో సగం మందికి అవి లేవు తల్లీ అని నవ్వించాను. అప్పట్లో నాకు నవ్వించే ఓపిక ఉండేది.

"ఇంకో చిన్న పని మేడం," అంది. "నెల తర్వాత అదే టీచరు అదే పిల్లలకి మళ్ళీ అంకెలు వేస్తే దగ్గరగా వస్తాయా రావా చూడాలి. మీ క్లాసులో పదిమందిని చీట్లు తీసి ఎంచుకున్నాను. పాత అంకెలు గుర్తు చేసుకోకండి. ఇప్పుడు పిల్లలు ఎలా ఉంటే అలా వేసేయండి."

పది కాగితాల్లో మూడోది గిలకది.

"పిల్లలని మేడ మీదకి పంపుతున్నారట కదా?" అంది గొంతు తగ్గించి. "మేం అలా చెప్పలేదండీ. నలభై దాటితే ఆ పిల్లని కూర్చోబెట్టి ఇంకోసారి నిదానంగా చూడండి అన్నాం. మీ హెడ్మాస్టర్ గారు తొందరపడ్డారు. ఈ అంకెలు ఎంతవరకు నమ్మాలో ఇంకా మాకే తెలీదు."

"అదేంటి?"

"ఒక దేశంలో టీచర్లు నోరెత్తని పిల్లలందరికీ సున్నాలు వేశారు, బుద్ధిమంతులని. ఇంకో దేశంలో నోరెత్తని పిల్లలని చూసి కంగారుపడి రెళ్ళు వేశారు. పిల్లలు ఒకటే, కాగితం ఒకటే. మేం పిల్లలని కొలుస్తున్నామో, టీచర్లని కొలుస్తున్నామో!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను కొంగు సర్దుకున్నాను.

"ఒకవేళ," అన్నాను, "ఎవరో ఒక టీచరు... ఒక పిల్లకి కావాలని తేడాగా వేసిందనుకో. తర్వాత వచ్చి చెప్పిందనుకో. అప్పుడేం చేస్తారు?"

"చెబితే చాలా మంచిదండీ. ఆ క్లాసు కాగితాలు ముప్ఫై ఎనిమిదీ పక్కన పెట్టేస్తాం. ఉత్తరాలు వెనక్కి తీసుకోమని హెడ్మాస్టర్ గారికి రాస్తాం."

"కారణం రాస్తారా?"

"రాయాలి కదా."

"పేరుతోనా?"

"పేరుతోనే." ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది. "ఎవరైనా అలా చేశారా మేడం?"

"అబ్బే. ఊరికే అడిగాను."

ఇరవై ఏళ్ళుగా పిల్లలకి "తప్పు చేస్తే ఒప్పుకోండి, ఏమీ అనను" అని చెబుతున్నాను. నోరు పెగలకపోవడమంటే ఏంటో ఆ రోజు తెలిసింది.

ఆ అమ్మాయి వెళ్ళాక మాత్రం నాకో ఉపాయం తట్టింది. ఉపాయం తట్టగానే ప్రాణం లేచొచ్చింది, అది కూడా చెప్పాలి. ఈ రెండో కాగితం ఉంది కదా! ఇందులో నిజం వేస్తాను. ఇరవై ఒకటి వస్తుంది. రెండోసారి తగ్గింది కాబట్టి పిల్లని మేడ మీదకి పంపక్కర్లేదని హెడ్మాస్టర్‌కి నేనే చెబుతాను. పిల్ల కింద ఉంటుంది, నా పరువు నాకుంటుంది, ఇంట్లో పొయ్యి ఒకటే ఉంటుంది. పాము చావదు, కర్ర విరగదు.

నిజం వేయాలంటే చూసి వేయాలి. ఆ రోజంతా గిలకని చూస్తూ కూర్చున్నాను. అప్పటిదాకా వారం రోజులుగా దాని వైపు చూడకుండా పాఠం చెప్పానని అప్పుడు గ్రహించాను.

బోర్డు మీద ఐదు కూడికలు ఇచ్చాను. గిలక మొదటిది చేసి పెన్సిలు కింద పెట్టింది. లేచి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"టీచర్, రెండోది చేయనా?"

"చెయ్యి."

చేసింది. మళ్ళీ వచ్చింది.

"మూడోది చేయనా?"

గంట కొట్టేసరికి రెండు మిగిలిపోయాయి. తర్వాతి పీరియడ్లో కథ చదివి ప్రశ్న అడిగితే దాని పెదవులు జవాబు పలికాయి గానీ చెయ్యి లేవలేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. మా తూనీగ మాత్రం బెంచీ మీద నిలబడి తప్పు జవాబు అరిచాడు.

మధ్యాహ్నం అందరూ బయటికి పోయాక దాన్ని దగ్గరికి పిలిచాను.

"ఏమే, అన్నీ అడుగుతున్నావేంటి ఇవాళ? నీకు రాదా కూడిక?"

"వచ్చు."

"మరి?"

"నేను మధ్యలో వదిలేస్తాను కదా. నిన్ను అడిగితే వదలనని. కాగితంలో ఉంది పెద్దమ్మా. అమ్మ మిషను కింద పెట్టింది. నేను మొత్తం చదివాను. 'సామర్థ్యం' ఒక్కటే అర్థం కాలేదు. తూనీగని అడిగాను. వాడికీ తెలీదట," అంది.

"చేతులెందుకు కింద పెట్టుకున్నావు?"

"పైన పెడితే ఎత్తేస్తాను."

సాయంత్రం అందరూ వెళ్ళాక కాగితం ముందు పెట్టుకున్నాను. మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తుందా? ఇవాళ వదిలేసింది. సొంతంగా పని మొదలుపెట్టలేదా? మొదలుపెట్టలేదు. చిన్నపనికి కూడా పెద్దవాళ్ళని అడుగుతుందా? రెండు లెక్కలకి రెండుసార్లు అడిగింది. కళ్ళారా చూసింది చూసినట్టే వేశాను. ఈసారి ఒక్క అంకె కూడా ఎక్కించలేదు. వాగుడు రెంటికీ సున్నాలు వేయాల్సి వచ్చింది. చివర కూడితే నలభై ఒకటి.

మళ్ళీ కూడాను. నలభై ఒకటే.

సర్వే అమ్మాయి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటుంది. నలభై మూడు, నలభై ఒకటి. ఎంత బాగా కుదిరాయో, ఈ టీచరు ఎంత నిలకడగా వేసిందో అని సంతోషిస్తుంది. నేను అబద్ధం రాశాను, పిల్ల దాన్ని నిజం చేసి పెట్టింది.  కాగితాలన్నీ సంచిలో కుక్కుకుని, తలుపు తాళం వేశానో లేదో కూడా చూసుకోకుండా ఇంటికి నడిచాను.

నా తోటికోడలు కిటికీ పక్కన మిషను మీద ఉంది. గిలక కింద చాప మీద కూర్చుని హోంవర్కు ముందు పెట్టుకుంది. రాయడం లేదు. అత్తయ్య నన్ను చూడగానే లేచింది. నా మొహంలో ఏం కనబడిందో, "కాళ్ళు కడుక్కురా ముందు, టీ పెడతాను" అని దారికి అడ్డం వచ్చింది.

"వద్దు అత్తయ్యా."

"నా మాట విను."

"పొద్దున విన్నాను. చాలు."

నా తోటికోడలు తల ఎత్తకుండానే "ఏం కావాలండీ టీచర్ గారూ?" అంది.

"అలా పిలవకే. కాదు, పిలువు. అలాగే పిలువు. నీతో ఒక మాట చెప్పాలి."

మిషను ఆగలేదు.

"ఆ కాగితంలో నేను వేసిన అంకెలు తప్పు. తెలిసే వేశాను."

మిషను ఆగింది.

అంతా చెప్పాను. కథల పోటీ, లెక్కల మాస్టారు అన్న మాట, కోసిన మార్కులు. ఇరవై రెండు చోట్ల ఎక్కించిన అంకెలు. తడబడుతూ చెప్పాను, ముందుది వెనక, వెనకది ముందు. అది ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అత్తయ్య గోడకి చేరబడి కళ్ళు మూసుకుంది.

"తూనీగ కాగితం?" అంది చివరికి నా తోటికోడలు.

"డ్రాయింగ్ టీచరు వేసిందే. అది నిజమే."

"వేశాక మీరు చూశారా?"

ఇదొక్కటి అడగదనుకున్నాను. వంకర కుట్టు దాని కంటికి దొరకకుండా పోతుందా!

"చూశాను," అన్నాను. "చూసి అంటించాను."

దాని కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. మీద పడి కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. "మీ పిల్లాడి దగ్గర మొహమాటం, నా పిల్ల దగ్గర నీతి," అంది. గట్టిగా కూడా అనలేదు.

"రేపు పొద్దున్నే హెడ్మాస్టర్‌కి రాసిస్తాను. పేరుతో సహా. ఉత్తరం వెనక్కి తీసుకుంటారు. నువ్వు సంతకం పెట్టకు."

"రాయండి. ఉత్తరం వెనక్కి పోతుంది. దాని బుర్రలోకి పోయింది ఎవరు తీస్తారు?" కిందకి, చాప వైపు చూపించింది. "నాకు చెప్పారుగా. దానికీ చెప్పండి."

చాప మీద గిలక ఎదురుగా కూర్చున్నాను. అది పుస్తకం మూసేసి, చేతులు తొడల కింద పెట్టుకుంది.

"గిలకా, ఆ కాగితంలో ఉన్నది తప్పమ్మా. నువ్వు పని మధ్యలో వదిలేసే పిల్లవి కాదు. నువ్వు మంచిదానివి, చురుకైనదానివి. పెద్దమ్మే తప్పు రాసింది."

గిలక నన్ను జాలిగా చూసింది. అవును, జాలిగానే. జ్వరమొచ్చినవాళ్ళని చూసినట్టు.

"అమ్మ ఏడుస్తోందని అలా చెబుతున్నావు కదా?"

"కాదే. నిజంగానే తప్పు రాశాను."

"టీచర్లు తప్పు రాయరు పెద్దమ్మా. తప్పులు రాసేది మేం. మీరు దిద్దుతారు." తర్వాత, నాకు ధైర్యం చెబుతున్నట్టు, "ఏం పర్లేదు. మేడ మీద కిటికీ ఉందట. నేను కూర్చుంటాలే," అంది.

"వినవే తల్లీ. నేను అబద్ధం రాశాను. అబద్ధం."

దానికి ఆ మాట నచ్చలేదు. మొహం ముడుచుకుని వాళ్ళమ్మ వైపు తిరిగింది. పుట్టినప్పటినుంచి ఆ అమ్మే దానికి నేర్పింది, నాకు చదువు రాదమ్మా, ఏది నిజమో ఏది కాదో పెద్దమ్మని అడుగు అని.

"అమ్మా, పెద్దమ్మ అబద్ధాలు రాయదు కదా?"

నా తోటికోడలు నా వైపు చూసింది. రాస్తుంది అంటే పిల్లకి నేను మిగలను. రాయదు అంటే ఆ నలభై మూడు మిగులుతుంది. 

"చెప్పమ్మా," అంది గిలక.